వస్తానని చెప్పకూడని ఇల్లు

ఫోను పెట్టేసేటప్పుడు మనవాళ్ళు "ఉంటాను మరి" అంటారు. ఉండరు. ఆ మాట నోట్లో ఉండగానే పెట్టేస్తారు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా తాతయ్య బతికుంటే దానికి బెల్లంముక్క ఇచ్చేవాడు కదా అనుకుంటాను. ఆ బెల్లం సంగతి తర్వాత చెప్తాను.

మొన్న వేసవిలో మా ఆయన పోయారు. ఆ తర్వాతి రోజుల్లో ఫోను చేసినవాళ్ళు ఒక్కరు కూడా నాతో "ఉంటాను" అనలేదు. చెప్పాల్సింది చెప్పి, ఒక్క క్షణం ఆగి, చప్పుడు లేకుండా పెట్టేసేవారు. ఇంటికి వచ్చినవాళ్ళూ అంతే. విజయనగరంలో మాది మూడో అంతస్తు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేవారు, కూర్చునేవారు, కళ్ళు తుడుచుకునేవారు. తర్వాత చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచి, నా మొహం చూడకుండా గుమ్మం దాటిపోయేవారు. తప్పు వాళ్ళది కాదు, పద్ధతి అంతే. చావింటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళేటప్పుడు "వస్తాను" అనకూడదు. ఆ పద్ధతి తెలియక చిన్నప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్ళయినా నా మెడ వదల్లేదు.

మా ఊరు కోటబొమ్మాళి సంతకు నడిచి వెళ్ళివచ్చేంత దూరంలో ఉండేది. వరి పొలాలు, ఊరవతల జీడితోటలు. తాతయ్య బడిపంతులు. పొద్దున్న పొలం, పదింటికి బడి, సాయంత్రం అరుగు మీద మాటల వేట. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, అక్షరం ముక్క రాని మనిషి. కానీ తాతయ్యకు మాటలన్నీ దొరికింది ఆవిడ నోట్లోనే.

ఎందుకంటే మామ్మ ఏ మాటా తిన్నగా అనేది కాదు. డబ్బాలో బియ్యం అయిపోతే "బియ్యం నిండుకున్నాయి" అనేది. దీపం ఆర్పమనదు, "దీపం ఘనం సెయ్యే" అనేది. అదే ఆరిపోతే కొండెక్కిందనేది. పుస్తెలతాడు తెగితే పెరిగిందనేది. ముష్టికి వచ్చినవాళ్ళను పొమ్మన్న పాపాన పోలేదు, "సెయ్యి కాలీ నేదమ్మా, మళ్ళీ రా" అనేది. ఆవిడ చేతిలో అప్పుడు ఏమీ ఉండేది కాదు. తాతయ్య అరుగు మీంచి వింటూ తనలో తను నవ్వుకునేవాడు.

"సూడే అమ్మడూ, మీ మామ్మకి ఖాళీ అంటే నిండు, ఆరితే ఘనం, తెగితే పెరగటం. ఈవిడితో నాను నలభయ్యేళ్ళు ఎలగ కాపరం సేసేనో," అనేవాడు.

"నేదు అంటే కుండ వింటాది. విని నిజంగానే నేకండా పోతాది," అనేది మామ్మ, ఏ మాత్రం నవ్వకుండా.

ఇలాంటి తిరగబడ్డ మాటలను తాతయ్య ఒక పాత నోటుబుక్కులో రాసుకునేవాడు. కొత్తది తెచ్చిన పిల్లలకు చిన్న బెల్లంముక్క. మా వీధి పిల్లలం ఆ బెల్లం కోసం పెద్దవాళ్ళ మాటలు దొంగచాటుగా వినేవాళ్ళం. మా ఇంట్లోనే ఒక చిన పెదనాన్న ఉండేవాడు, నాన్న అన్నల్లో చిన్నవాడు. చిన్నేమిటి, పెద్దేమిటి అని అడిగి నేను ఒక ముక్క కొట్టేశాను. ఎదురింటి పిల్ల నిండు సున్నా పట్టుకొచ్చింది. లోపల ఏమీ లేనిదాన్ని నిండు అంటారేమిటని. దానికి తాతయ్య రెండు ముక్కలిచ్చాడు. నాకు కడుపు మండిపోయి, మర్నాడు మంగళవారం పట్టుకెళ్ళాను. పేరులోనే మంగళం ఉంది, ఆ రోజు మంచిపని మాత్రం చెయ్యనివ్వరు.

"భయమేసినదానికే మంచి పేరు పెడతారే," అన్నాడు తాతయ్య. "మంగళుడంటే అందరికీ హడలు. అందుకే మంగళం అని పిలిసి మంచి సేసుకున్నారు. భజన ఆఖర్ని మంగళం పాడతారు గదా, అయిపోనాది అనటానికి నోరు రాక. ఇప్పుడు అదే మాట పాడైపోయిన యాపారానికీ వాడతన్నారు."

"మరి ఎళ్ళేటప్పుడు వస్తాను అంటారెందుకు తాతా?"

తాతయ్య ఆ రోజు బెల్లం మొత్తం నా ముందు పెట్టాడు. "పోవటం అన్న మాట సచ్చిపోనోళ్ళకి ఒదిలేసేం. ఆళ్ళు తిరిగి రారు గదా. బతికున్నోళ్ళం మళ్ళీ వస్తాం కాబట్టి, ఎళ్తూనే వస్తాను అంటాం. ఎవరింటికెళ్ళినా ఆ మాట మరిసిపోకు."

ఆ మాట నాకు ఎంత గర్వం తెచ్చిందంటే, ఆ తర్వాత ఎవరింటి నుంచి బయల్దేరినా అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నేనే "వస్తాను" అనేదాన్ని. మినహాయింపు ఒకటి ఉందని మాత్రం తాతయ్య చెప్పలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ సంగతి అవసరపడుతుందని ఆయన అనుకుని ఉండడు.

ఆ వేసవిలోనే మామ్మ పుట్టింట్లో చావు జరిగింది.

మామ్మ పుట్టిల్లు గెడ్డ అవతల, అంటే వాగు దాటాక, పాత కొత్తూరు. ఆ పేరు కూడా తాతయ్య పుస్తకంలో ఉండేది. ఎప్పుడో గెడ్డ పొంగి ఊరు మునిగితే జనం మెట్ట మీదకు పోయి కొత్తూరు కట్టుకున్నారు. తర్వాత మరోసారి ఇంకా పైకి జరిగారు. దాంతో మొదటి కొత్తూరు పాత కొత్తూరయింది. నా చిన్నతనానికి అక్కడ మిగిలినవి ఏడెనిమిది ఇళ్ళు. మిగతావన్నీ మొండిగోడలు. గోడల మధ్య జిల్లేడు, గుమ్మాలు ఉన్నచోట ఖాళీ. ఏ గొర్జి సందులోకి తిరిగినా మనిషి ఉన్న ఇల్లు ఏదో, లేనిది ఏదో దగ్గరికెళ్తే గానీ తెలిసేది కాదు.

అక్కడ మామ్మ తమ్ముడి కోడలు పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. నేను ఆవిడను అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడకు నా ఈడు కూతురు ఉండేది, నాకు వదిన వరస, నేనూ దానికి వదిననే. ఆ ముందటేడు ఒక పెళ్ళిలో మేమిద్దరం పెద్దవాళ్ళ కన్నుగప్పి తోటలో జీడిపిక్కలు కాల్చుకుని, చల్లారకుండానే కొరికి మూతులు కాల్చుకున్నాం. జీడి రసం పడితే చర్మం ఊరుకోదు. నాది మానిపోయింది గానీ, వదినకు కింద పెదవి పక్కన శనగగింజంత నల్లమచ్చ నిలిచిపోయింది. మా ఇద్దరికీ ఆ ఒక్క పూట స్నేహమే.

ఇంట్లో మా అమ్మకు నెలలు నిండి ఉన్నాయి. పురిట్లో పోయినావిడ ఇంటికి, పురిటికి సిద్ధంగా ఉన్న ఇంటి నుంచి వెళ్ళాలంటే మామ్మకు మనసు పీకింది. వెళ్ళకపోతే పుట్టిల్లాయె. అయిదో రోజున నాలుగిళ్ళ ఆడవాళ్ళతో కలిసి బయల్దేరింది. నేను ఏడ్చి వెంటపడ్డాను.

దాన్ని పలకరింపు అంటారు. అది కూడా తిరగబడ్డ మాటే, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరు. మేము వెళ్తే ఆ ఇంటివాళ్ళు "రండి" అనలేదు. కూర్చోమనలేదు. మేమే వెళ్ళి ఈతచాపల మీద కూర్చున్నాం. నడవాలో, ప్రాణం పోయినచోట, నేల మీద బియ్యప్పిండి పలచగా పరిచి దాని మీద వెదురుగంప బోర్లించి ఉంచారు. పక్కన ప్రమిద. పొద్దున్నే గంపెత్తి పిండిలో ఏ జాడ పడిందో చూస్తారట, పోయిన మనిషి ఏ రూపంలో వచ్చి వెళ్ళిందో తెలుస్తుందని. ఆ పిండి వాసన, ఆముదం వాసన, ఎక్కడో మగ్గుతున్న జీడిమామిడి పళ్ళ వాసన కలిసిపోయాయి.

వదిన ఆ గంప పక్కనే కూర్చుంది. తల దువ్వి ఎన్ని రోజులయిందో. వాళ్ళమ్మ పాత చీరను చించి భుజాల మీద కప్పుకుంది, నీలం మీద తెల్లచుక్కల చీర. వదిన ఏడవటం లేదు. వచ్చిన ప్రతి మనిషి మొహం వంకా చూస్తోంది. వాళ్ళు లేచి, తల వంచుకుని, మాట లేకుండా వెళ్ళిపోతుంటే వాళ్ళ వీపుల వంకా చూస్తోంది.

మామ్మావాళ్ళు కూడా అలాగే లేచారు. అలాగే గుమ్మం దాటారు. నేను ఆఖరున ఉన్నాను. ఇంతమంది పెద్దవాళ్ళు మర్యాద మరిచిపోయారే అనుకున్నాను. తాతయ్య మాట గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి, గట్టిగా, "వస్తాను వదినా" అన్నాను.

ఇంట్లో విసనకర్రలు ఆగిపోయాయి. వదిన తలెత్తి నన్ను చూసింది. ఆ ఇంట్లోకి వెళ్ళాక మొదటిసారి దాని మొహంలో ఏదో కదిలింది.

"రా," అంది.

ఒక్క అక్షరం. బయట మామ్మ నా రెక్క పట్టుకుని లాగింది. గోళ్ళు దిగాయి. వెనక నుంచి ఒక ముసలావిడ, "అనీసినాది. ఆ పిల్ల రమ్మనీసినాది," అనటం వినపడింది.

గెడ్డ దాకా మామ్మ నా రెక్క వదల్లేదు. ఎండకు గెడ్డ ఎండిపోయి ఇసుక కాలుతోంది. మధ్యలో ఎవరో తవ్విన చెలమలో కాసిని నీళ్ళుంటే నన్ను అందులో నిలబెట్టి మోకాళ్ళ దాకా కడిగింది. వేపాకు నమిలించింది.

"నానేటి తప్పు సేసేను మామ్మా?"

"సావింట్లో వస్తానంటే, మళ్ళీ అలాటి పనికే వస్తానని. ఆళ్ళింట్లో మరో సావుకి నువ్వెళ్ళాల, నేదా మనింట్లో సావుకి ఆళ్ళు రావాల. నువ్వు వస్తానన్నావు, అది రా అన్నాది. మాట ముడిపడిపోనాది." మామ్మ కొంగుతో నా కాళ్ళు తుడిచింది. "ఇంట్లో మీయమ్మ ఎలగున్నాదో ఎరగవా నువ్వు? ఇంకెప్పుడూ ఆ గడప తొక్కకు. నానూ తొక్కను."

అది ఆవిడ పుట్టిన ఇల్లు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తట్టింది.

తాతయ్య మొదట కొట్టిపారేశాడు. "సిన్నపిల్ల మాటకేటుంటాది," అన్నాడు. మామ్మ ఆయన వంక చూసి, "మాటల్లో ఏటీ నేకపోతే మరి పుస్తకంలో ఎందుకు రాస్తన్నావు?" అంది. ఆ సాయంత్రం పుస్తకం అరుగు మీదకు రాలేదు. బెల్లం ఆట ఆ రోజుతో ఆగిపోయింది.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మొదలయింది.

వేసవి మధ్యాహ్నాలు మా ఊళ్ళో ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. ఫ్యాన్లు లేవు, రేడియో కూడా కరణంగారింట్లోనే. చోడంబలి, అదే రాగిజావ, తాగి ఊరు ఊరంతా పడుకునేది. కాకులు కూడా నోరు తెరుచుకుని చూరు కింద కూర్చునేవి. ఆ వేళ ఎవరైనా ఒక్కసారి పిలిస్తే పలకకూడదని మామ్మ చెప్పేది. మూడోసారి పిలిస్తేనే మనిషి, ఒక్క పిలుపుతో ఆగిపోయేది మనిషి కాదు.

నేను అమ్మ పక్కన పడుకుని ఉన్నాను. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని నిద్రపోతోంది. పెరటి తలుపు అవతల నుంచి సన్నగా, "వదినా," అని వినపడింది.

ఊపిరి బిగబట్టాను. రెండో పిలుపు కోసం చూశాను. రాలేదు. మెల్లిగా తల తిప్పితే, నడవాలో మామ్మ లేచి కూర్చుని ఉంది. నా వంక చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

పొద్దు వాలాక తలుపు తీస్తే, మెట్టు మీద రెండు జీడిమామిడి పళ్ళున్నాయి. ఎర్రగా, పిక్కలతో సహా. మామ్మ వాటిని చేత్తో ముట్టుకోలేదు. చేటలోకి తోసి, పెరటి చివర గొయ్యి తీసి పాతిపెట్టింది. మెట్టంతా పేడనీళ్ళు చల్లింది. ఎంత చల్లినా ఆ పళ్ళ వాసన పోలేదు.

మర్నాడూ అదే వేళకు, అదే ఒక్క పిలుపు. మళ్ళీ రెండు పళ్ళు. ఈసారి తడి ఆరని పేడ మీద పాదం జాడ పడింది. అది చిన్నదో పెద్దదో నేను చూసేలోపే మామ్మ కాలితో చెరిపేసింది. నాకు ఆ గంప కింద పిండి గుర్తొచ్చి వాంతయింది. అమ్మ ఏమిటని అడిగితే ఎండదెబ్బ అన్నారు. అమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ దక్కటమే ఆ ఇంట్లో అందరికీ కావాలి, నాకైతే ఇంకేమీ వద్దు. నా నోటి మాట వల్ల అమ్మకేమైనా అవుతుందేమోనని ఆ రెండు రోజులూ ముద్ద దిగలేదు.

మూడో మధ్యాహ్నం మామ్మ పడుకోలేదు. పెరటి తలుపుకు వీపానించి కూర్చుంది. పిలుపు వచ్చింది. ఆవిడ తలుపు తియ్యకుండానే లేచి నిలబడి, దాని మీద రెండు చేతులూ ఆనించింది.

"పో," అంది.

ముష్టివాళ్ళను కూడా మళ్ళీ రమ్మనే మనిషి. దూడకు కూడా పొమ్మని చెప్పదు. ఆవిడ నోట్లో ఆ మాట నేను వినటం అదే మొదలు, అదే ఆఖరు.

"పో. మరి రాకు," అంది మళ్ళీ.

నేను తలుపు పగుల్లో కన్ను పెట్టాను. పెరడు దాటి గట్టు మీద ఎవరో వెళ్తున్నారు. తల మీంచి కప్పుకున్న నీలం చీర, తెల్లచుక్కలు. ఎండ మెరుపులో ఎత్తెంతో తెలియలేదు. అది మా అత్త చీర.

నాలుగో మధ్యాహ్నం అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని లోపలుంది. తాతయ్య వీధి అరుగు మీద, నాన్న ఎక్కడో. మామ్మ వేన్నీళ్ళ కుండ పొయ్యి మీంచి దించుతుండగా పిలుపు వినపడింది. పెరట్లోంచే. "వదినా" అనే. కానీ సన్నగా లేదు. అలసిపోయిన గొంతు, లోతుగా ఉంది. మామ్మ చేతిలో మసిగుడ్డ జారిపోయింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మామ్మ నన్ను పొట్టకు అదుముకుని నా రెండు చెవులూ మూసింది. అలాగే నిలబడ్డాం. లోపల బిడ్డ ఏడుపు వినపడేదాకా ఆవిడ చేతులు తియ్యలేదు.

తమ్ముడు పుట్టాడు. అమ్మ దక్కింది. ఆ మెట్టు మీద ఆ రోజు పళ్ళు లేవు.

పురుడు పోసిన కొన్నాళ్ళకు, పాత కొత్తూరు నుంచి చల్ల అమ్మే ముసలామె వచ్చింది. తట్ట దించి, గాలి విసురుకుంటూ, మామూలు కబురు చెప్పినట్టే చెప్పింది.

"ఆ తల్లి నేని గుంట నేదూ, మూడు రోజులు మజ్జానం మజ్జానం మీ పెరటికి వచ్చీసింది గదమ్మా. కాళ్ళు బొబ్బలెక్కిపోనాయి. ఎందుకెళ్ళేవే అంటే, వస్తానన్న వదిన రాలేదు, నానే ఎళ్ళేను అన్నాది. మైల గదా, ఇంట్లోకి రాకూడదని పెరట్లోనే నించున్నాదట. మూడోనాడు వచ్చి ఒకటే ఏడుపు. ఆ సాయంత్రమే దాని మేనమావ వచ్చి గజపతినగరం తీసుకెళిపోనాడు."

మామ్మ చల్ల పోయించుకుంటున్న గిన్నె కింద పెట్టేసింది. ముసలామె వెళ్ళాక తాతయ్య నెమ్మదిగా అడిగాడు, "నీకు తెలీదా, ఆ గుంటేనని?"

"మొదటి రోజే తెలిసింది," అంది మామ్మ. "గొంతు గుంటదే. పంపించింది ఎవరో మరి నాకు తెలీదు. నా కోడలు దక్కాల గదా."

ఆ రోజు మామ్మ అన్నం తినలేదు. నేను లెక్క పెట్టుకున్నాను. మూడు రోజులు. మూడో సాయంత్రమే వెళ్ళిపోయింది. మరి నాలుగో మధ్యాహ్నం ఎవరు పిలిచారు? ఆ ప్రశ్న నేను మామ్మను అడగలేదు. ఆవిడ కూడా ఎప్పుడూ ఎత్తలేదు. మధ్యాహ్నం పూట మేమిద్దరం పెరటి వైపు వెళ్ళటం మాత్రం మానేశాం.

మామ్మ మళ్ళీ తన పుట్టింటికి వెళ్ళలేదు. తన తమ్ముడు పోతే కూడా గెడ్డ ఇవతలే నిలబడి ఏడ్చి వచ్చేసింది. తన ఆఖరి రోజుల్లో నన్ను పిలిచి, "ఆ గుంట దగ్గరికి ఒకసారి ఎళ్ళవే. నాను పొమ్మన్నానని సెప్పు. నువ్వు కాదని సెప్పు," అంది. అప్పటికి నాకు పెళ్ళయి విజయనగరంలో ఉన్నాను. అక్కడి నుంచి గజపతినగరం బస్సెక్కితే గంట. వెళ్తానన్నాను. ఇన్నేళ్ళూ వెళ్ళలేదు. పనులు, పిల్లలు అని చెప్పుకున్నాను గానీ అది అబద్ధం. భయం. ఆ మొహాన్ని చూడాలంటే భయం. తాతయ్య పుస్తకాన్ని చెదలు తినేశాయి. పాత కొత్తూరులో మొండిగోడలు కూడా మిగల్లేదని, అంతా జీడితోటే అయిపోయిందని తమ్ముడు చెప్పాడు.

మా ఆయన పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం ఎవరో అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక, గోడ పట్టుకుని మెట్లెక్కుతూ, తల పూర్తిగా నెరిసిన ఒక మనిషి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతున్నా ఆవిడ మాట్లాడలేదు. కింద పెదవి పక్కన శనగగింజంత నల్లమచ్చ ఉంది.

నా చెయ్యి నా పెదవి మీదకు వెళ్ళింది.

"పేపర్లో సూసేను," అంది. "ఊరి పేరూ అదీ సూసి, నువ్వేననుకున్నాను."

మామ్మ చెప్పమన్న మాట చెప్పలేకపోయాను. మేమిద్దరం ఏడవలేదు. అలాగే ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఆ తొమ్మిది రోజుల్లో నాకు అర్థమైన సంగతి ఒకటే. చావు జరిగిన ఇంట్లో భరించలేనిది ఏడుపు కాదు. వచ్చిన ప్రతి మనిషీ, మళ్ళీ వస్తానని చెప్పకుండా వెళ్ళిపోవటం. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ గంప పక్కన కూర్చుని ఎన్ని వీపులు చూసిందో, వాటిలో ఒక్కటి వెనక్కి తిరిగి ఆ మాట అంటే దానికి ఎలా వినపడిందో, నాకు డెబ్బై ఏళ్ళు దాటాక తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అందరూ లేచారు. తల వంచుకుని వెళ్ళారు. ఆవిడ ఆఖరున గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వస్తాను వదినా," అంది.

గదిలో అందరూ బిగుసుకుపోయారు. మా తమ్ముడు, ఆనాటి ఆ బిడ్డే, అరవై దాటినవాడు, కుర్చీలోంచి సగం లేచాడు. "అదేటక్కా ఆవిడ, అలగనీసింది," అన్నాడు భయంగా. నేను ఆవిడ వంకే చూశాను.

"రా," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ పడుకున్నారు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దమయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడిందో లేదో గట్టిగా చెప్పలేను. కాలింగుబెల్లు మోగలేదు, కరెంటు లేదు కదా. తలుపు అవతల నుంచి మాత్రం, "వదినా," అని వినపడింది.

ఒక్కసారే. ఆ గొంతు అలసిపోయి, లోతుగా ఉంది. నాలుగో మధ్యాహ్నం మామ్మ నా చెవులు మూసినప్పటి గొంతు. తలుపు కింద సందులోంచి జీడిమామిడి పళ్ళ వాసన వచ్చింది.

పక్కగదిలో తమ్ముడు నిద్రలో కదిలాడు. ఇంకో రెండు పిలుపుల కోసం ఆగమని మామ్మ ఎక్కడి నుంచో చెబుతూనే ఉంది. అవతల ఎవరున్నా సరే, ఈసారి తలుపు బయటే నిలబెట్టి పంపెయ్యను అనుకున్నాను.

"వస్తన్నానే," అని, లేచి వెళ్ళి తలుపు తీశాను.